హారంలో ఎవరెవరు

మొదటిరోజు నా సంచిలో
ఓఆర్ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు,
అట్ట ఊడిన రిజిస్టరు,
రెండుసార్లు విదిలిస్తే గానీ రాయని పెన్ను.
పెదజాలరిపేట, కింద వీధి.
తుపాను దాటి ఐదు రోజులైనా
ఇసుక ఇంకా గడపల మీదే ఉంది.

రోజుకి మూడుసార్లు, ఆ పైన, నీళ్ళలా:
అదీ కేసంటే.
రెండుసార్లయితే కాదు.
గీత ఎక్కడో ఒకచోట గియ్యాలి కదా.
గీతకి ఇవతల కూర్చున్న గరికిన సింహాద్రి కూతురు
పొట్ట పట్టుకుని నన్నే చూసింది.
ఆ రోజు దాన్ని రాయలేదు.
మర్నాడు రాశాను.

పెద్దాసుపత్రిలో డాక్టరుగారు
మంచం ఎక్కినవాళ్ళని చూస్తారు.
ఎక్కనివాళ్ళని అడగడం నా పని.
మీకేం కాలేదా? మొన్న? నిన్న? ఏ నీళ్ళు తాగారు?
"బాగున్నోలి కాడ నీకేటమ్మా పని?"
ఎండుచేపలు తిరగేస్తూ అడిగింది తెడ్డు పైడమ్మ.

ఎలా చెప్పను పిన్నీ,
ముప్పై అంటే భయపడాలో వద్దో
ఎంతమందిలో ముప్పయ్యో తెలిస్తే గానీ తెలీదని.
గీత పైన లవం మూలుగుతుంది,
ఆటో ఎక్కుతుంది, పేపర్లో పడుతుంది.
గీత కింద హారం
వల కుట్టుకుంటూ, చుట్ట కాలుస్తూ,
పిల్లకి పేలు చూస్తూ
చప్పుడు చెయ్యదు.

ముప్పై ఏడు గడపలు,
రెండువందల పన్నెండు మంది.
కాలవ పక్క కుళాయి తాగినవాళ్ళు తొంభైనలుగురు,
వాళ్ళలో పడ్డవాళ్ళు ముప్పై ఒక్కరు.
లారీ నీళ్ళవాళ్ళు నూటపద్దెనిమిది,
పడ్డవాళ్ళు నలుగురు.
వీధరుగు మీద కూర్చుని భాగించాను.
పది రెట్లకి కాస్త తక్కువ.
కుళాయిని అనుమానించడానికి చాలు,
బోనెక్కించడానికి చాలదన్నారు మా మేడమ్.
మరి ఆ నలుగురి మాటేమిటి?
ఇద్దరు పొద్దున్నే కుళాయి పక్క టీకొట్లో
గ్లాసెడు నీళ్ళు తాగేవాళ్ళని తర్వాత తెలిసింది.
మిగతా ఇద్దరి సంగతి
ఇప్పటికీ తెలీదు.

వేటకెళ్ళిన పదకొండు మందిని
ముందే కొట్టేశాను.
వీధిలో లేనివాడికి వీధి రోగం ఎలా వస్తుంది?
ఏడోరోజు వైర్‌లెస్ సెట్లో కబురు:
బోటులో ఏడుగురు లేవలేకపోతున్నారట.
హార్బరులో ఆవేళ నీళ్ళు రాలేదు,
డబ్బాలు ఇక్కడే నింపుకుని మోసుకెళ్ళారు.
ఆ కుళాయి దగ్గరే.
కొట్టేసిన పదకొండు పేర్లూ
కొట్టివేతల కిందనుంచి మళ్ళీ చదివి
ఒక్కొక్కటే తిరిగి రాశాను.
నీళ్ళు ఎంతదూరం పోతే
అంతదూరమూ ఈ వీధే.

నూట ఐదుగురిలో ముప్పై ఎనిమిది.
గాజువాక నుంచి ఫిట్టరొచ్చి
గంటలో పగిలిన జాయింటు మార్చి
టీ తాగి వెళ్ళిపోయాడు.

గళ్ళ కాగితం మీద మనిషికో గడి నింపాను.
కేసులు నిటారుగా లేచి
కుడివైపు మెల్లగా వాలిపోయాయి,
ఈ ఒడ్డున నిలబడి చూస్తే
యారాడ కొండ సముద్రంలోంచి లేచినట్టే.
బాగా వచ్చిందన్నారు మేడమ్.
నాకూ అలాగే అనిపించింది,
అనిపించినందుకు సిగ్గేసింది.

రిజిస్టరు కట్టేస్తున్నరోజు
మైలపల్లి కోదండమ్మ వచ్చి నిలబడింది.
"మాయత్త ఉన్నాదేటి ఇందల?"
లేదు.
నేను సంచి తగిలించుకుని రావడానికి
రెండు రోజుల ముందే పోయింది.
వయసైపోయిందనుకున్నారట అంతా.
లోపల గోడకి ఫోటో, ప్లాస్టిక్ పూల దండ.
దాన్నీ హారమనే అంటాం.
"ఎన్నిసార్లెల్లింది?"
"నెక్కెట్టనేదమ్మా. తెల్లార్లూ."
"నీళ్ళు?"
చేత్తో కాలవ వైపు చూపించింది.

పెన్ను విదిలించాను, రెండుసార్లు.
అన్ని గడులకీ ముందు
రెండు రోజులు ఖాళీ వదిలి
ఒక గడి నింపాను,
కొండకి కాస్త ఎడంగా
నీళ్ళలో ఉన్న రాయిలా.
కోదండమ్మ వంగి చూసింది.
"ఇదేనా?"
ఇదే.
వేలు పెట్టబోయి ఆగింది,
సిరా ఆరలేదని.